ఫోన్లో పోసిన పురుడు

"నొప్పులు ఎంతసేపటికొకసారి వస్తున్నాయే?"

"ఐదు నిమిషాలకనుకుంటా అమ్మా."

"అనుకోవడం కాదు, గడియారం చూసి చెప్పు."

సరోజ స్టవ్ కట్టేసి, పిండి చేతిని కొంగుకి తుడుచుకుంది. ఢిల్లీ ప్రభుత్వాసుపత్రి లేబర్ రూములో ముప్ఫై ఒక్కేళ్ళు నర్సుగా చేసి రిటైరైన మనిషి ఆవిడ. ఆవిడ చేతుల మీదుగా భూమ్మీద పడ్డ పిల్లలందరినీ తెచ్చి నిలబెడితే ద్వారకా కాలనీలో వాళ్ళుండే సెక్టారు చాలదు. అలాంటి మనిషికి ఆదివారం పొద్దున్నే కూతురు నేపాల్ కొండల్లోంచి ఫోన్ చేసి, "డెలివరీ కేసుందమ్మా, ఏం చెయ్యాలో చెప్పు" అనేసరికి కాళ్ళూ చేతులూ ఆడలేదు.

సుధీర్‌తో కుదిరిన పెళ్ళి తప్పిపోయాక ప్రీతి ఉద్యోగం మానేసి, ఆ కొండమీది ప్రసూతి క్లినిక్‌లో వాలంటీరుగా చేరి ఏడు నెలలైంది. రికార్డులు రాయడం, మందులు అందించడం ఆ పిల్ల పని. మనసు కుదుటపడుతుందని సరోజే సరేనంది. నిన్న డాక్టరూ నర్సూ టీకాలు తేవడానికి కిందికి దిగారట. కొండచరియ విరిగిపడి దారి మూసుకుపోయింది. ఇప్పుడు అక్కడ పురుడు పోయడానికి మిగిలింది ప్రీతి, వంటమనిషి గౌరి.

"వీడియో పెట్టవే, నేను చూస్తాను."

"నెట్ చాలదమ్మా."

"ఆ అమ్మాయికిది మొదటి కాన్పా?"

"మొదటిదే. ఇంకా మూడు వారాల టైముంది. పొద్దున్న ఉమ్మనీరు..."

మాట తెగిపోయింది. సరోజ హలో హలో అంటూనే ఉంది. భర్త జనార్దనరావు పేపరు పక్కన పడేసి లేచాడు.

"మనింట్లో సిగ్నల్ సంగతి తెలిసిందేగా. బాల్కనీలోకి రా!"

రెక్క పట్టుకుని లాక్కెళ్ళాడు. నిమిషంలో ప్రీతి గొంతు మళ్ళీ వినబడింది. చూశావా అన్నట్టు ఆయన కళ్ళెగరేశాడు.

"చెప్పమ్మా," అంది ప్రీతి, ఆయాసపడుతూ.

"నువ్వు కంగారుపడితే ఆ పిల్ల ఇంకా భయపడుతుంది. మొగుడు లేడా పక్కన?"

"లేడు. వెళ్ళిపోయాడు."

"దుబాయ్‌కా? ఆ కొండల్లో మగాళ్ళంతా అంతేనట. పోనీ తల్లికైనా కబురు పెట్టకపోయారా?"

"కడుపుతో ఉన్నట్టే ఆవిడకి తెలీదమ్మా. కోప్పడుతుందని చెప్పలేదు."

"చోద్యం కాకపోతే, తల్లి దగ్గర కడుపు దాచుకోవడమేమిటే? నువ్వు గానీ ఇలా చేస్తే జన్మలో నీ మొహం చూడను."

మళ్ళీ అవతల మాట లేదు. జనార్దనరావు ఈసారి భార్యని పడగ్గది కిటికీ దగ్గర నిలబెట్టాడు. అక్కడా పనిచేసింది. ఆ పూట ఆయన సరోజని ఇల్లంతా తిప్పాడు. మొదట ఐదు నిమిషాలకి తెగిన మాట తర్వాత మూడుకి, ఆపైన రెండుకి తెగింది. ఇదంతా ఫోన్ కంపెనీవాళ్ళ నిర్వాకమని ఆయన తిట్టిపోశాడు.

"అమ్మా, ముక్కాలనిపిస్తోందంటోంది."

"గౌరిని చూడమను. తల కనబడుతోందా?"

గౌరి ఏదో అరిచింది. "కనబడుతోందట," అంది ప్రీతి. "నేను మనిషిని పట్టుకోవాలమ్మా. ఫోన్ స్పీకర్లో పెడుతున్నాను. హిందీలో చెప్తూ ఉండు, గౌరికి అర్థమవుతుంది. అమ్మా..."

"ఏంటే?"

"ఈ పిల్ల వాళ్ళమ్మతో తర్వాత నువ్వే మాట్లాడతావా?"

"మాట్లాడతాలే. ముందు పిల్లని చూసుకోమ్మా, కోపం తర్వాత తీరిగ్గా పడొచ్చని చెప్తాను. సరేనా? ఇక పని చూడు."

సరోజ బాల్కనీలో నేలమీద చతికిలబడింది. నేపాల్‌కి విమానంలో గంటన్నర ప్రయాణం. ఆ గంటన్నర దూరమే ఆవిడని నిలువునా చచ్చుపడేసింది. అవతల మనిషి నోట్లో గుడ్డ కుక్కుకున్నట్టు మూలుగుతోంది. సరోజ ఫోనులోకి అరుస్తోంది. "తల బయటికి రాగానే లాగొద్దు గౌరీ. మెడచుట్టూ బొడ్డుపేగుందేమో వేలు పెట్టి చూడు. ఉందా? మెల్లిగా తలమీంచి తప్పించు. మెల్లిగా!" అంటుంటే ఆవిడ చేతులు గాల్లోనే బిడ్డను అందుకుంటున్నాయి. ఎదురు ఫ్లాటావిడ బట్టలారేయడం మానేసి చూస్తోంది.

"వచ్చేసింది దీదీ! ఆడపిల్ల!" అంది గౌరి. ఏడుపు మాత్రం వినబడలేదు.

"గుడ్డతో తుడువు. వీపు గట్టిగా రుద్దు. ఇంకా రుద్దు!"

జనార్దనరావు భార్య భుజం పట్టుకుని నిలబడ్డాడు. ఇక తీసుకెళ్ళడానికి ఇంట్లో గదుల్లేవు. ఎంతసేపటికో పిల్లికూనలాంటి కేక ఒకటి వినబడింది. సరోజ ఏడ్చేసింది.

"దీదీ, రక్తం చాలా పోతోంది," అంది గౌరి.

"మాయ పడిందా?"

"పడింది."

"అయితే ఇంజెక్షన్ ఇవ్వాలి. ప్రీతీ, ఎక్కడుందే?"

"అలమారా తాళాలు డాక్టర్ దగ్గరున్నాయి," అంది గౌరి.

ఇలాంటప్పుడు సరోజకి తన కళ్ళముందే పోయినవాళ్ళు గుర్తొచ్చారు. "బొడ్డు కింద చెయ్యి పెట్టి గట్టిగా పిసుకు. గట్టిపడేదాకా ఆపకు. పిల్లని తల్లి రొమ్ముకి పట్టించండి, రక్తం తగ్గుతుంది."

అటువైపు గౌరి ఊపిరి తప్ప ఏమీ వినబడలేదు. ముప్ఫై ఒక్కేళ్ళ సర్వీసులో సరోజ దేవుడికి ఇంతలా మొక్కుకున్నది లేదు, అదీ మొహమైనా ఎరగని పిల్ల కోసం.

"తగ్గుతోంది దీదీ," అంది గౌరి చివరికి. "కళ్ళు తెరిచింది. మంచినీళ్ళడిగింది."

సరోజ కళ్ళు తుడుచుకుంది. కూతురు ఎంత బెదిరిపోయి ఉంటుందో, ఎంతసేపయిందో దాని గొంతు విని. ఒక్కసారి మెచ్చుకోవాలనిపించింది.

"గౌరీ, ఫోన్ ఒకసారి మా ప్రీతికివ్వు."

"ఇప్పుడెలా దీదీ, ప్రీతి తన పాపకి పాలిస్తోంది."