నోటికి తాళం

"అమ్మాయీ, నీ బట్టలు ఉతకడం అయిపోయి పావుగంటయింది."

కావ్యశ్రీ ల్యాప్‌టాప్‌లోంచి తలెత్తలేదు. ఇర్వింగ్‌లో ఆ అపార్ట్‌మెంట్స్ లాండ్రీ రూమే ఆ ఆదివారం ఆమెకు ఆఫీసు.

తను రాసిన ప్రోగ్రామ్ పదిసార్లకు ఒకసారి చతికిలబడుతోంది. ఎందుకో చెప్పదు. బెల్లం కొట్టిన రాయిలా ఊరుకుంటుంది. శుక్రవారం డెమోలోగా బాగుచేయకపోతే ఉద్యోగం పోతుంది, వెనకే వీసా.

చేసేది లేక ఆ బట్టలు తనే డ్రయ్యర్‌లో వేసింది ఎదురు ఫ్లాట్ వసంతకుమారి. పక్కన ఐదేళ్ల కూతురు పర్సిస్, ఒట్టి వాగుడుకాయ.

"నోటికి తాళం!" అంటూ తల్లి గాలిలో తాళంచెవి తిప్పింది.

పిల్ల టక్కున నోరు మూసింది.

"తాళం తీశా, చెప్పు బంగారం."

మళ్లీ మొదలు. సండే స్కూల్లో ఎవరు ఎవర్ని గిల్లారో సహా అన్నీ చెప్పేసింది.

వసంతకుమారి స్క్రీన్ వైపు వంగి చూసింది. "దాన్నీ కాస్త వాగనివ్వమ్మా. ఎక్కడ నొప్పో అదే చెప్తుంది."

కావ్యశ్రీకి ఒళ్లు మండింది.

"ఇది కోడ్ ఆంటీ. మీకు అర్థం కాదులెండి."

"సరేలే."

మరీ దురుసుగా అన్నానేమో అనిపించి, "మీరు జాబ్ చేయరా ఆంటీ?" అంది.

"డిపెండెంట్ వీసా కదా, చేయకూడదు. ఇంట్లో ఏదో ఒకటి రాసుకుంటుంటాను."

"కథలా?"

ఆమె నవ్వేసింది. "మంగళవారం షాంటిలీ వెళ్లిపోతున్నాం. అంకుల్‌కి అక్కడ ప్రాజెక్ట్."

మంగళవారం ట్రక్ వచ్చింది. పర్సిస్ కింద నుంచి చెయ్యి ఊపింది. కిందికి దిగితే అరగంట పోతుందని కావ్యశ్రీ కిటికీలోంచే ఊపి మళ్లీ ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది.

గురువారం ఆమె మొహం చూసి టీమ్ లీడ్ స్టీవ్‌కే జాలేసింది. ఆమె కోడ్ రాసుకునే ఎడిటర్‌లో చిన్న ప్లగిన్ ఒకటి పెట్టి ఇచ్చాడు.

"ఈ కీ నొక్కితే ప్రోగ్రామ్ తను చేసే ప్రతి పనీ పూసగుచ్చినట్టు చెప్తుంది. మళ్లీ నొక్కితే ఊరుకుంటుంది. మా అందరికీ ఇదే దిక్కు. రాసినవాళ్లు పేరైనా పెట్టుకోలేదు. ఏనాడైనా కనబడితే రెండు చేతులూ పట్టుకుని థాంక్స్ చెప్పాలి."

కావ్యశ్రీ నొక్కింది. స్క్రీన్ నిండా లైన్లు. నలభయ్యో లైన్‌లో దొంగ దొరికాడు. ఒకే ఫైల్‌ను ప్రోగ్రామ్ రెండు చోట్ల నుంచి ఒకేసారి తెరుస్తోంది.

పది నిమిషాల్లో సరిచేసింది. ఉద్యోగం నిలిచింది. ఆ రాసినవాళ్లెవరో చల్లగా ఉండాలని మనసారా అనుకుంది.

"ఆ కీ నొక్కి చెప్పించినప్పుడల్లా అడుగున ఏదో వస్తుంది చూడు," అన్నాడు స్టీవ్. "ఏ భాషో మాకెవరికీ తెలీదు. నీకేమైనా తెలుసా?"

ఇంగ్లిష్ అక్షరాల్లో ఉన్న ఆ ముక్కను కావ్యశ్రీ కూడబలుక్కుంటూ పైకి చదివింది: "తాళం తీశా, చెప్పు బంగారం."