తెల్లకుప్ప మీద శిఖరం

"పెద్ద తెరది తియ్యి గున్‌వోర్. ఈయనకి చిన్నవి చూపించకు," అన్నాడు టోర్‌మోడ్.

"నేనింకా గుడ్డివాణ్ణి కాలేదురా," అన్నాడు ఐలెర్ట్.

దుకాణం నడిపే గున్‌వోర్ తల వంచుకుని అట్టపెట్టె విప్పసాగింది. ఫిబ్రవరి నుంచి దీవిలో అందరూ చెప్పుకుంటున్నది ఆ సంగతే. కాడ్ చేపల వేట మొదలైన తొలిరోజు, పట్టపగలు, గాలి లేని నీటిలో, రేవు దాటుతూ ఐలెర్ట్ తన పడవ 'తెర్నా'ను నీళ్ల కింది బండకెక్కించాడు. ఆ బండ అతనికి చిన్నప్పటి నుంచీ తెలుసు. పడవలో ఉన్న మేనల్లుడికి కాలు విరిగింది. మరమ్మతు మే నెల దాకా సాగింది. ముసలాడికి చూపు పోయిందని రేవులో తేల్చేశారు. అతనితో వేటకు వెళ్లడానికి ఎవరూ ముందుకు రావడం లేదు.

పక్కింటి టోర్‌మోడ్ ఒక్కడే వస్తానన్నాడు. తండ్రి స్నేహితుడు కాబట్టి ఐలెర్ట్‌ను బాబాయ్ అంటాడు. వారాల తరబడి వెంటపడి ఈ దుకాణానికి లాక్కొచ్చింది కూడా అతనే.

"ఇది రెండు పనులూ చేస్తుంది," అంది గున్‌వోర్. "ఈ పక్క ఫిష్ ఫైండర్. పడవ కింద ఎంత లోతుందో, చేపల గుంపు ఎక్కడుందో చూపిస్తుంది. ఆ పక్క ప్లాటర్. సముద్రం పటం, అందులో మీ పడవ. బండ దగ్గరికొస్తే కూస్తుంది."

"మా ఆవిడా కూసేది. ఆవిడ పోయాక కాస్త ప్రశాంతంగా ఉంది అనుకున్నా."

"మీరు ఆవిడ మాట విన్నారా ఏనాడైనా?"

"రెండుసార్లు విన్నా. రెండుసార్లూ ఆవిడదే తప్పు."

గున్‌వోర్ నవ్వింది. టోర్‌మోడ్ నవ్వలేదు. ఇంకో కంపెనీది తీయించాడు. చలికి మొద్దుబారిన వేళ్లతో నొక్కడానికి బొత్తాలు ఉన్నాయా అని అడిగాడు. కూత ఇంజను చప్పుడులో వినపడుతుందా అని అడిగి, రెండుసార్లు మోగించి విన్నాడు.

"ఇన్నాళ్లూ ఇవి లేకుండా ఎలా తిరిగారండీ?" అంది గున్‌వోర్.

"ఒడ్డు గురుతులు చాలవా? రేవు దాటేటప్పుడు వెనక్కి చూడాలి. చర్చి శిఖరం వచ్చి కొండ మీది తెల్లకుప్ప నెత్తిన కూర్చుంటే అది దారి. పక్కకి జరిగిందా, బండ."

"ఆ రాళ్లకుప్పని చూసి పడవ నడిపేది రేవు మొత్తంలో ఇప్పుడు మీరొక్కరే."

"దాన్ని పేర్చింది వీళ్ల తాత. ఏటా వేటకు ముందు సున్నం కొట్టేది వీడు. అడుగు కావాలంటే. అది అబద్ధం చెప్పదు." ఐలెర్ట్ టోపీ తీసి చేతిలో తిప్పాడు. "చెప్తే నా కళ్లే చెప్పుండాలి."

"ఇకమీద దాన్ని చూడకు బాబాయ్," అన్నాడు టోర్‌మోడ్. "తెర చూడు." గున్‌వోర్ వైపు తిరిగాడు. "పెద్దదే ఇవ్వు. బిల్లు నా పేర రాయి."

"నీకేమైందయ్యా? ఎవరికీ కాఫీ కూడా ఇప్పించవు కదా," అంది గున్‌వోర్.

"రాయమన్నానా?"

బయటికొచ్చాక ఐలెర్ట్ ఆగాడు. "ఒరే, ఒక్కసారి వెళ్లొద్దాం. రేవు సరిగ్గా దాటానా, తెర్నా నాతో ఉంటుంది. లేదా, అమ్మేస్తా. పిల్లల కాళ్లు విరగ్గొట్టడానికి నాకు పడవ ఎందుకు?"

శనివారం ఉదయం బయల్దేరారు. రేవు కట్ట దాటగానే ఐలెర్ట్ టోపీ తీసి కొత్త యంత్రం తెరకు తొడిగాడు.

"అది తియ్యి బాబాయ్."

"అది దారి చూపిస్తే నా కళ్ల సంగతి ఎలా తెలుస్తుంది?"

ఇంజను నెమ్మది చేశాడు. ఒక చెయ్యి చుక్కాని మీద పెట్టి, ఒళ్లంతా వెనక్కి తిప్పి కొండను చూశాడు. చాలాసేపు చూశాడు. చుక్కాని కొద్దిగా సర్దాడు.

"నాకైతే శిఖరం సరిగ్గా కుప్ప మీద కూర్చున్నట్టే ఉంది," అన్నాడు. "నువ్వు చూడు. ఉన్నదున్నట్టు చెప్పు. నీ మాటే నమ్ముతా."

టోర్‌మోడ్ వెనక్కి తిరిగి చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"లేదు బాబాయ్. బాగా పక్కకి ఉంది."

టోపీ కింద యంత్రం కూసింది. టోర్‌మోడ్ టోపీ లాగేశాడు. పటం మీద చిన్న పడవ బొమ్మ నేరుగా బండ మీదికి పోతోంది. ఫిష్ ఫైండర్‌లో సముద్రం అడుగు గోడలా పైకి లేస్తోంది. ఐలెర్ట్ ఇంజను వెనక్కి తిప్పాడు. పడవ వణికి ఆగింది. ముందర నీళ్ల కింద గోధుమరంగు నాచు కదులుతోంది.

ముసలాయన యంత్రం కూత ఆపేశాడు. చుక్కాని వదిలి పెట్టె మీద కూర్చున్నాడు.

"మంచిపని చేశావురా. నువ్వు చెప్పకపోతే ఇంకో ఏడాది తిరిగేవాణ్ణి. ఎవర్నో ఒకర్ని చంపేవాణ్ణి." చేత్తో కళ్లు తుడుచుకున్నాడు. "నువ్వే నడుపు. సోమవారం తెర్నాను బేరం పెడదాం."

టోర్‌మోడ్ చుక్కాని అందుకుంటూ ఇంకోసారి కొండ వైపు చూశాడు: నవంబరు గాలివానకు కూలిన రాళ్లను పాత చోటి దాకా మోసే ఓపిక లేక, ఎవరికీ చెప్పకుండా నాలుగు బారలు ఇవతల తాను తిరిగి పేర్చి సున్నం కొట్టిన కుప్ప నెత్తిన, చర్చి శిఖరం సరిగ్గా కూర్చునే ఉంది.