చెక్కిన చెయ్యి

హైదరాబాదు నుంచి ఆక్లాండ్‌కు విమానంలో పదకొండు వేల ఏడు వందల కిలోమీటర్లని కూతురు అమృత ఫోన్‌లో చూసి చెప్పింది. నంద్యాల బస్టాండులో ఆళ్లగడ్డ బస్సు కోసం నిలబడ్డ చక్రపాణికి ఒళ్లు మండింది.

“యాడి పదకొండు వేలు మే! నాకు ఆ వేలిముద్రల మిషను దాటేకే చేతగాకపాయ.”

వీసా కోసం హైదరాబాదు తిరగడం ఇది మూడోసారి. ముప్పై ఏళ్లుగా రాయి చెక్కి చెక్కి ఆయన వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. మూడుసార్లూ మిషను ఆ ముద్రలు పట్టలేదు. ఆయన చెక్కి పంపిన నరసింహస్వామి విగ్రహం మాత్రం ఆక్లాండ్ గుడికి చేరి నెలైంది. ఇక కంటిపాపలు చెక్కి కళ్లు తెరిచే పని ఒక్కటే మిగిలింది. అది ప్రతిష్ఠ రోజున అక్కడే, శిల్పి ఉలితోనే జరగాలి. ముహూర్తానికి ఇంకా మూడు వారాలే ఉంది.

“నువ్వు రాలేకుంటే గుడోళ్లు ఆడి మేస్త్రీతో చేయించుకుంటామంటాండారు నాయనా.”

“ఏందీ, మేస్త్రీతోనా? వద్దని చెప్పు. చెక్కిన చెయ్యే కళ్లు తెరవాల.”

చక్రపాణి సంచిలోంచి, నెల రోజులుగా వెంట తిప్పుకుంటున్న చిన్న ఉలి తీసి, మనసొప్పకపోయినా కూతురి ముందు చాపాడు.

“నువ్వన్నా పో. ఎట్ల తెరవాల్నో నేను ఫోన్లో చెప్తా. నీ వేళ్లకింకా గీతలుండాయి గదా.”

అమృత ఉలి అందుకోలేదు. పది వేళ్లూ ఆయన కళ్ల ముందు పెట్టింది. నున్నగా ఉన్నాయి.

“నాకూ ఎప్పుడో అరిగిపాయ నాయనా. ఆ సామి జూలు ఒక్కో వెంట్రుకా చెక్కిందెవరో మర్చిపోయినావా?”