వలపక్షం

“మీకిచ్చింది ఉత్త పిండేనమ్మా. మరి మీ రక్తంలోకి మందు ఎలా వచ్చింది?”

డాక్టరమ్మ గొంతు పెంచలేదు. అందుకే చిన్నకోడలికి భయం ఎక్కువైంది.

పీసీఓఎస్‌కి మానుపసుపు బెరడులోంచి తీసిన మందు పనిచేస్తుందో లేదో తేల్చే పరీక్ష అది. చేరినవాళ్ళలో సగంమందికి మందు, సగంమందికి పిండి. పైకి రెండు రకాల క్యాప్సూల్సూ ఒక్కలాగే ఉంటాయి. మొదటి విడత లెక్క విప్పిన ఈ పొద్దుటి దాకా, ఎవరి సీసాలో ఏముందో డాక్టరమ్మకే తెలియదు.

చిన్నకోడలు సంచి పట్టీని వేలికి చుట్టుకుంది. ఇన్నేళ్ళూ చుట్టపుచూపుగా వచ్చిపోయే నెలసరి, ఇప్పుడు అద్దె అడిగే ఇంటావిడలా తేదీ తప్పకుండా వస్తోంది. గడ్డం కింద వెంట్రుకలు పీకే ప్లక్కరు ఎక్కడ పెట్టిందో కూడా మరిచిపోయింది. పరీక్షలోంచి తీసేస్తే అంతా మళ్ళీ మొదటికొస్తుంది. ఒక అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది గానీ, రక్తమే సాక్ష్యం చెప్పాక నోరు ఏం చెప్పి ఏం లాభం?

“మా తోడికోడలు కూడా ఇందులోనే ఉందండీ. ఒకే ఇంట్లో ఒకరికి మందూ ఒకరికి పిండీ అంటే పంక్తిలో వలపక్షం చేసినట్టుంటుందని... రెండు సీసాలూ ఒకే డబ్బాలో పోసి కలిపేశాం.”

“కలిపేశారా?”

“బాగా కుదిపామండీ.”

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుని, కంప్యూటర్లో ఏదో వెతికింది. “మీ తోడికోడలికి ఇచ్చిందీ పిండే.”

పిండిలో పిండి కలిపితే మందెలా అవుతుంది? హాల్లో కూర్చున్న పెద్దకోడల్ని పిలిపించారు. ఆవిడ ఎవరి వంకా చూడకుండా ఫ్యాను వంక చూస్తూ చెప్పింది.

“బస్సులో నా పక్కన కూర్చునే టీచరమ్మ కూడా ఇక్కడికే వస్తుందండీ. ఆవిడతో సగం మార్చుకున్నాను. ఆవిడ అప్పటికే వాళ్ళ ఎదురింటావిడతో మార్చుకుందట. ఆ ఎదురింటావిడేమో...”

“నాకు చెప్పలేదేం అక్కా?”

“చెబుదామనే అనుకున్నా. నీ నోట్లో నువ్వుగింజ నానదు కదా.”

“రూలు ప్రకారం మీ ఇద్దర్నీ ఇవాళే తీసెయ్యాలి,” అంటూ డాక్టరమ్మ లేచి తలుపు తీసింది. చిన్నకోడలు సంచి పట్టుకుని వెనకే వెళ్ళింది.

హాల్లో కుర్చీలన్నీ నిండి ఉన్నాయి.

“తమ క్యాప్సూల్స్ ఇంకెవరితోనూ పంచుకోనివాళ్ళు చెయ్యెత్తండి.”

అందరికీ ఒక్కసారిగా తమ సంచుల్లో ఏదో వెతుక్కోవలసిన పని పడింది. చిన్నకోడలి ప్రాణం లేచొచ్చింది. ఇంతమందిని తీసేస్తే ఇక పరీక్ష ఎవరికి?

అంతలో చివరి వరసలో ఒకే ఒక్క చెయ్యి బెరుగ్గా లేచింది.

“హమ్మయ్య, మీరొక్కరైనా ఉన్నారు,” అంది డాక్టరమ్మ.

“నేను ఈరోజే చేరానండీ,” అంది ఆమె, మూత తియ్యని సీసా చూపిస్తూ. “ఎవరితో కలపాలో నాకింకా ఎవరూ చెప్పలేదు.”