పైనుంచి చూసేవాడు

రొయ్యలు ఒలిచే హాల్లో మాటలుండవు. ఐసు నీళ్లలో చేతుల చప్పుడు, నెత్తి మీద కెమెరా ఎర్రలైటు, అంతే.

ఆ కెమెరా పెట్టించిన రోజే మేనేజరు యుగంధర్ మైకులో చెప్పాడు. "నా రూములోంచి అందరూ కనిపిస్తారు. టేబులు వదిలారో, ఆ పూటే గేటు బయట!" విదేశాలకు సరుకు పంపే అంత పెద్ద కంపెనీ. అందులో మంచినీళ్లు తాగాలన్నా దొరవారి విజిలు వినబడాలి.

అప్పుడప్పుడు మైకు ఖంగుమంటుంది. "ఎవరో నవ్వుతున్నారు. నాకు కనిపిస్తోంది." పేరు చెప్పడు. ఎవరికి వాళ్లు తమనేననుకుని తలలు దించేస్తారు.

హరిబాబు అక్కడే మెయింటెనెన్సు పని చేస్తాడు. ఆరోజు ఐసు మిషనుకి బోల్టులు బిగిస్తున్నాడు గానీ, ప్రాణమంతా రెండో టేబులు దగ్గరే ఉంది. అక్కడ అతని భార్య ధనలక్ష్మి నిలబడి రొయ్యలు ఒలుస్తోంది. ఐదో నెల. పొద్దున్న నౌపడలో కంపెనీ బస్సెక్కేటప్పుడే నడుం పట్టుకుంది.

పక్కనున్న అసిరమ్మ, వరసకి అత్త, గొణిగింది.

"ఏటే, మొకం అలా పాలిపోనాది?"

"కడుపులో నొప్పిగున్నాదత్తా."

"బయటికెల్లి కాసేపు కూకోయే."

"అమ్మో! సూస్తన్నాడు."

ధనలక్ష్మి మొగుడి వైపు చూసింది, వెళ్లనా అన్నట్టు. హరిబాబు ఎర్రలైటు కేసి చూశాడు. పెళ్లాం కేసి చూశాడు. వద్దన్నట్టు తలూపాడు.

తేడా వస్తే ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి. యుగంధర్ అతన్ని రూములోకి పిలిచి మరీ చెప్పాడు. "నోరు మెదిపావో, ఈ జిల్లాలో నీకు పని దొరకదు." ఆ సంగతి ఇంట్లో పెళ్లానికి కూడా చెప్పుకోలేదు.

కాసేపటికి ధనలక్ష్మి టేబులు అంచు పట్టుకుంది. మళ్లీ మొగుడి కేసి చూసింది. ఈసారి హరిబాబు తలెత్తలేదు. చేతిలో స్పానరునే చూస్తూ ఉండిపోయాడు.

దభీమని చప్పుడు.

ధనలక్ష్మి కింద పడి ఉంది. నేల మీది ఐసు నీళ్లు మెల్లగా ఎర్రబడుతున్నాయి.

హాల్లో తలలన్నీ లేచాయి. ఆమె వైపు కాదు, పైకి. ఒక్కరూ కదల్లేదు. హరిబాబు కూడా. తను కదిలితే అందరూ కదులుతారు. అప్పుడు యుగంధర్ ముందు తన పీకే పట్టుకుంటాడు.

కదిలింది అసిరమ్మ. రొయ్యల గిన్నె విసిరికొట్టి, సరాసరి ఎర్రలైటు కిందికొచ్చి నిలబడింది.

"సూడు బాబూ, బాగా సూడు! నానే, అసిరమ్మని! రేపట్నించి రావద్దంటే రాను!"

పరుగున వెళ్లి ధనలక్ష్మి తలని ఒళ్లోకి తీసుకుంది. ఆమె వెనక ఇంకొకామె వచ్చింది. ఆ వెనక హాలు హాలంతా కదిలింది. ధనలక్ష్మిని ఎత్తుకుని ఏడుస్తూనే గేటు వైపు పరిగెత్తారు. మైకు కిక్కురుమనలేదు.

ఖాళీ హాల్లో హరిబాబు ఒక్కడే ఐసు మిషనుకి ఆనుకుని నిలబడిపోయాడు.

నెత్తి మీదున్న ఆ డబ్బాలో ఎర్రబల్బు తప్ప కెమెరా లేదని, వాళ్లందరిలోకీ, దాన్ని తన చేత్తో బిగించిన అతనొక్కడికే తెలుసు.