పెట్టి పో, చూస్త

“నేను గైడును మార్చుకుంట సార్,” అంది సుహాసిని, వనపర్తిలో ఆయన ఇంటి వసారాలో నిలబడే.

నలుగురి చేత పీహెచ్‌డీ పూర్తి చేయించిన నరేందర్‌ సారు నొచ్చుకున్నాడు. “నేనేమన్న తిట్టిన్నా?”

“తిట్టనన్న తిట్టలే. రాసింది ఫ్లాపీల ఎక్కించి తెస్తే ‘పెట్టి పో, చూస్త’ అంటరు. మేడం బతికున్నప్పుడు అనపకాయలు ఒల్సుకుంట, ‘ఏం రాసినవ్ బిడ్డా, చెప్పు’ అంటుండె. చెప్తుంటెనే నా తప్పులు నాకు దొరుకుతుండె.”

ఆ నలుగురూ ఈ వసారాలోనే తన భార్య ముందు కూర్చునేవారని సారుకు గుర్తొచ్చింది. తను లోపల కునుకు తీసేవాడు. శాలువాలు మాత్రం తనే కప్పించుకున్నాడు.

వంటింట్లోంచి అనపకాయల గంప తెచ్చుకుని సుహాసిని ఎదురుగా చతికిలబడ్డాడు. “ఏం రాసినవ్ బిడ్డా, చెప్పు.”

ఆమె కూర్చుని మొదలుపెట్టింది. కాసేపటికి ఆగింది. “సార్, పొట్టు గిన్నెల ఏసి గింజలు పారేస్తున్నరు.”

“మీ మేడం ఉంటే తిడుతుండె. నువ్వు ఆగకు, చెప్పు.”