ఇంటిదాకా

పెన్షన్ వాటా కూడా జీతంతోపాటు ఏ సాయంత్రానికా సాయంత్రం ఖాతాలో పడటం మొదలయ్యాక, జనం ఒకేచోట పట్టుమని పది రోజులు పనిచేయడం మానేశారు. ఫోన్ ఎక్కడికి పంపితే అక్కడికి పోవడమే. ఈ రోజు అది పరంజ్యోతిని మార్కాపురం డిపోలో డ్రైవర్ లేని బస్సులు కడగడానికి పంపింది. ఆమెకు అరవై నిండాయి కాబట్టి రేపటినుంచి ఎక్కడికీ పంపదు.

ఒకప్పుడు ఆమె తండ్రి ఇదే డిపోలో డ్రైవరు. ఎన్ని రాత్రి డ్యూటీలు వేసినా, "పెన్షనొచ్చే కొలువు, వదులుకుంటామా తల్లీ!" అని ఓర్చుకునేవాడు. అలా ఓర్చుకుంటూనే తను నడిపే బస్సుమీద ప్రాణం పెట్టుకున్నాడు. ఆయన రిటైరైన రోజు డిపో అంతా కదిలి, దండలేసి, ఆ బస్సులోనే ఇంటిదాకా దిగబెట్టింది. వీధి వీధంతా బయటికొచ్చి చూసింది.

పొద్దున్నే పరిచయమైన ఖాసిం పక్కన అద్దాలు తుడుస్తుంటే, అతనికి ఇదంతా చెప్పింది.

"నాకు ఇయ్యాలే ఆఖరు," అంది చివరికి.

"అట్టనా అక్కా," అని అతను గుడ్డ పిండుకుని మళ్లీ పనిలో పడ్డాడు.

సాయంత్రం ఇద్దరూ ఒకే బస్సెక్కారు. ఖాసిం దిగాల్సిన స్టాపు వచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. అతను కదల్లేదు.

"దిగలేదేం?"

"మీ ఇంటిదాకా వస్తా అక్కా. దిగబెట్టేదానికి డిపోనుంచి ఒకరన్నా ఉండాల గదా."